నాన్న పియానో ముందు కూర్చున్నారురా!

ముంబై,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

జవాబు రాయడం బాగా ఆలస్యమైంది, తిట్టుకోకు. ఆఫీసులో ఆడిట్ టెన్షన్, పాపకి జ్వరం (తగ్గింది), ఇల్లు ఇంకా మారలేదు. ఇంతే వార్తలు. మీ అమ్మగారి మోకాలు ఎలా ఉందో రాయి. ఇప్పుడు అసలు సంగతి విను, ఇది నీకు చెప్పకపోతే నాకు నిద్రపట్టదు.

నాన్న వచ్చి ఉన్నారు కదా, నిన్న సాయంత్రం తాజ్‌మహల్ హోటల్‌కి తీసుకెళ్ళాను. గేట్‌వే ఆఫ్ ఇండియా ఎదురుగా ఉంటుందే, అదే. మొదటి అంతస్తులో సీ లౌంజ్ అని ఉంది. కిటికీ పక్కన కూర్చుంటే కింద గేట్‌వే, ఎలిఫెంటా వెళ్ళొచ్చే లాంచీలు కనిపిస్తాయి. హోటల్ 1903లో తెరిచారనీ, గేట్‌వే 1924లోగానీ పూర్తి కాలేదనీ నాన్నకి చెప్పబోయాను. ఆయన వింటేగా! లోపల ఒక పెద్దాయన పియానో వాయిస్తున్నాడు. అడుగు పెట్టినప్పటి నుంచి నాన్న చూపు అక్కడే.

పానీపూరీ వచ్చింది, బటాటా వడ వచ్చింది, స్కోన్లు వచ్చాయి. కాఫీ చల్లారిపోయింది. నాన్న కుడిచేతి వేళ్ళు మాత్రం టేబుల్ గుడ్డ మీద కదులుతున్నాయి. పక్క టేబుల్లో పెళ్ళిచూపులు జరుగుతున్నాయి, ఇక్కడ అది మామూలేనట. అబ్బాయి అచ్చం నువ్వు బాపట్లలో కూర్చున్నట్టే కూర్చున్నాడు, సమోసా సహా. సరే, అది వదిలెయ్.

"గాలి ఎక్కణ్ణించి వస్తోందిరా?" అన్నారు నాన్న చాలాసేపటికి.

గాలి లేదు నాన్నా, మెట్టు నొక్కితే లోపల చిన్న సుత్తి వెళ్ళి తీగని కొడుతుంది అన్నాను. "అయితే ఇది సంతూర్ జాతి, హార్మోనియం జాతి కాదు" అని వెంటనే తేల్చేశారు. ఎన్ని నాటకాలకి హార్మోనియం వాయించిన చెయ్యిరా అది! నువ్వు పక్కన కూర్చుని పద్యం పద్యానికీ 'వన్స్ మోర్' అని అరిచేవాడివి, గుర్తుందా? నాయుడి బజారు కృష్ణుడి కిరీటం... అబ్బా, ఇప్పుడు అది మొదలుపెడితే ఈ ఉత్తరం పూర్తికాదు.

ఆ పెద్దాయన వాయించడం ఆపాక నాన్న లేచి వెళ్ళారు. హిందీ రాదు, ఇంగ్లీషు రాదు. గుండె మీద చెయ్యి పెట్టుకుని "హార్మోనియం" అన్నారు. తర్వాత మెల్లగా "స రి గ ప ద స" అని పాడారు. పెద్దాయన ఒక్క క్షణం విని, నల్లమెట్ల మీద వరసగా అవే స్వరాలు పలికించాడు. మోహన రాగం! అయిదు నల్లమెట్లూ కలిస్తే మోహనే కదా. నాన్న మొహం చూడాలిరా అప్పుడు. పెద్దాయన పక్కకి జరిగి చోటిచ్చాడు.

నాన్న కూర్చున్నారు. కూర్చోగానే కాళ్ళు రెండూ తొక్కడం మొదలుపెట్టాయి! అన్నేళ్ళు లెగ్ హార్మోనియం తొక్కిన కాళ్ళు కదా, కింద పెడల్ తగిలేసరికి వాటంతట అవే కదిలిపోయాయి. పద్యం చివర రాగం తీసేటప్పుడు షడ్జం పట్టి నిలబెడతారే, అలా ఒక మెట్టు నొక్కి ఉంచారు. నాద‌ం కాసేపు మోగి సన్నగిల్లిపోయింది. మళ్ళీ నొక్కారు. మళ్ళీ పోయింది. నాకేసి చూశారు. ఆ చూపుకి నాకు గొంతు పట్టేసింది బావా.

అప్పుడు పెద్దాయన వంగి, నాన్న మోకాలి మీద చెయ్యి వేసి ఎడమకాలు ఆపాడు. కుడిపాదాన్ని కుడిపక్క పెడల్ మీద మెల్లగా నొక్కించాడు. అది నొక్కి ఉంచితే వేలు తీసినా తీగ మోగుతూనే ఉంటుంది. నాన్నకి ఇంకెవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. ఒక స్వరం, అది సన్నబడేలోగా ఇంకోటి. పాట కాదు, ఉత్త మోహన ఆలాపన. కాసేపటికి పెద్దాయన ఎడమచేత్తో మంద్రంలో షడ్జం పంచమం అందుకున్నాడు. నాన్న పెదవుల్లోనే ఏదో పద్యం. వెయిటర్ ఒకతను ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

అయిదారు నిమిషాలు ఉంటుందేమో. ఇద్దరూ దణ్ణాలు పెట్టుకున్నారు.

టాక్సీ ఎక్కాక మాత్రం కోపం! "హార్మోనియంలో స్వరాన్ని ఊపే గమకం పలకదని 1940 నుంచి 1971 దాకా రేడియోలో రానివ్వలేదురా. మరి దీన్లో పలుకుతుందా? దీనికీ మెట్లేగా? దీన్ని మాత్రం హోటల్లో మహారాజులా కూర్చోబెట్టారు" అని దారి పొడుగునా. ఆయన అన్నదాంట్లో తప్పేముంది చెప్పు! అలిసిపోయి మెరైన్ డ్రైవ్ దగ్గర ఊరుకున్నారు. ఇంటికొచ్చి అన్నం తింటూ హఠాత్తుగా, "మన హార్మోనియం పెట్టె తిత్తులు ఎలుకలు కొట్టేసుంటాయంటావా?" అన్నారు. బావా, అమ్మ పోయాక ఆయన నోట ఆ పెట్టె మాట రావడం ఇదే మొదలు. నేనేమో...

సరే. పెట్టె మీ అటక మీదే ఉంది కదా, రేపే దింపి చూడు. తిత్తులు పోతే తెనాలిలో తోలు వేసేవాళ్ళు ఇంకా ఉన్నారేమో కనుక్కో, డబ్బు నేను పంపుతాను. రీడ్ల మీద చెయ్యి వెయ్యొద్దు, అవి నాన్నే చూసుకుంటారు. శుక్రవారం రైలెక్కిస్తున్నాను, ఆయన దిగేలోపు

పాప లేచింది, ఉంటాను.

నీ
బావ