బుజ్జమ్మకి, డ్రమ్ము స్మోకర్ సంగతి

బుజ్జమ్మా,

మాంసాన్ని పొగ మీద మెల్లగా వండే స్మోకర్ చేసుకుంటానని నువ్వు పంపిన డ్రమ్ము ఫొటోలు చూశా, సొట్టల్లేవు, మూత రింగు కూడా బాగుంది, కానీ అందులో ముందు ఏం పోశారో మాత్రం రాయలేదు నువ్వు. మీ ఆస్టిన్‌లో 55 గ్యాలన్లు అంటారు గానీ అది మన ఆటోనగర్లో దొరికే 200 లీటర్ల డ్రమ్మే. వంటనూనో తేనో పోసిందైతే సరే, పురుగుమందో థిన్నరో పోసిందైతే ఊరికే ఇచ్చినా వద్దు, అమ్మేవాడు తెలీదన్నా వద్దు. ఖాళీదే కదా అని గ్రైండర్ పెట్టేస్తారు చాలామంది, లోపల మిగిలిన ఆవిరికి ఒక్క రవ్వ చాలమ్మా పేలిపోవడానికి, ఏ వెల్డింగ్ షాపులో అడిగినా ఇదే చెప్తారు.

లోపల ఎర్రగానో గోధుమరంగుగానో పూత కనపడితే అది ఎపాక్సీ లైనింగు, అంటే ప్లాస్టిక్ లాంటి పూత, దాన్ని ఉంచి వండకూడదు. ముందు కింద బెజ్జాలు కొట్టుకుని (గాలి ఆడకపోతే మంట లేవదు), ఊరి బయట ఎవరిదైనా ఖాళీ జాగాలో పుల్లలేసి బాగా మండించి, చల్లారాక మాస్కు పెట్టుకుని వైర్ బ్రష్షుతో రేకు తేలేదాకా గీకాలి. నన్నడిగితే ఇంత తంటా ఎందుకు, లైనింగ్ లేని కొత్త డ్రమ్మే కొనుక్కో, నాలుగు డాలర్లు ఎక్కువైతే అయింది.

ఇక అసలు పని గాలిది. అడుగు నుంచి రెండంగుళాల పైన చుట్టూ ముప్పావు అంగుళం బెజ్జాలు నాలుగు, అన్నిటికీ నిపుల్ (మరలున్న పొట్టి పైపు ముక్క) బిగించి ఒకదానికి బాల్ వాల్వు, మిగతా మూడింటికీ క్యాపులు. పైన మూతకున్న రెండంగుళాల బెజ్జం పొగ పోడానికి ఎప్పుడూ తెరిచే ఉండాలి, మంట ఎక్కువైందని దాన్ని మాత్రం మూయకు, కింద వాల్వుతోనే తగ్గించు. కుంపటి దగ్గర మనం విసురుతాం, ఇక్కడ నిప్పుకి గాలి పీనాసిగా ఇస్తాం, అంతే తేడా. వేడి 225 నుంచి 275 ఫారెన్‌హీట్ మధ్య నిలబడాలి. మూత అంచులో సందు ఉంటే నువ్వు వాల్వు ఎంత తిప్పినా వేడి నీ మాట వినదు, అందుకే సొట్టల గురించి అంత అడిగా.

నిపుళ్ళు, బోల్టులు ఎస్ఎస్‌వో మామూలు ఇనుమువో తీసుకో, వాల్వు ఇత్తడిది చాలు. జీఐవి (జింకు పూత వేసిన ఇనుము) నిప్పు దగ్గర వద్దు. జీఐ పైపు వెల్డింగ్ చేసిన రాత్రి మా కుర్రాళ్ళకి చలిజ్వరం వచ్చేది, ఆ జింకు పొగ వల్లే, పాలు తాగితే పోతుందని తాగేవాళ్ళు పాపం.

బొగ్గుకి డైమండ్ జాలీతో బుట్ట చెయ్యి, అడుగుకి తగలకుండా మూడంగుళాలు లేపి పెట్టు. దానిపైన రెండడుగుల ఎత్తులో నాలుగు బోల్టుల మీద గ్రిల్లు. నువ్వు మీ ఊరి దగ్గర లాక్‌హార్ట్‌లో తిన్నానన్నది ఇటుక పొయ్యిలో పక్కనుంచి వచ్చే వేడికి వండింది, డ్రమ్ములో నిప్పు సరిగ్గా మాంసం కిందే ఉంటుంది, కొవ్వు కరిగి నిప్పుల మీద పడి లేచే పొగే దీని రుచి. బుట్ట నిండా చల్లటి బొగ్గు పోసి పైన కాసిని రగిలిన బొగ్గులు పెడితే మెల్లగా కిందకి అంటుకుంటూ గంటలకొద్దీ కాలుతుంది.

కట్టెకి మీ పోస్ట్ ఓక్ మంచిదే. మెస్కిట్ అంటే మన సర్కారు తుమ్మ జాతే, పొగ ఘాటు, కోడికి ఒక ముక్క చాలు, ఎక్కువసేపు పెడితే చేదు. కోడి లోపల థర్మామీటరు 165 ఫారెన్‌హీట్ చూపించాకే దించు, రంగు చూసి మోసపోకు. బ్రిస్కెట్ (ఆవు రొమ్ము మాంసం) అయితే 160 దగ్గర ముల్లు కదలక గంటలు గంటలు ఆగిపోతుందట, తేమ ఆవిరై చల్లబరుస్తుంటుంది కాబట్టి, కంగారుపడి వాల్వు తెరిచెయ్యకు. (బ్రిస్కెట్ సంగతి అమ్మకి నేను చెప్పలేదు, నువ్వూ చెప్పకు.)

హీట్ పెయింటు బయటే వెయ్యి, లోపల నూనె రాసి మొదటిసారి ఖాళీగా కాల్చు. వాన పడుతోందని గ్యారేజీలోకి మాత్రం లాగకు, తలుపు తీసే ఉందిగా అనకు, బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా రాదు, మనిషిని కూర్చున్నచోటే పడేస్తుంది.

వాల్వు బిగించాక వీడియో పంపు, అన్నట్టు మరల మీద టెఫ్లాన్ టేపు చుట్టకు, ఆ వేడికి అది పనికిరాదు.

నాన్న