వార్షిక నివేదిక (సంగీత సంఘం సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించినది)

అధ్యక్షుల వారికి, సభ్యులకు నమస్కారం.

పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన, ఫాల్గుణ బహుళ ద్వాదశికి అన్నమాచార్య వర్ధంతి ఎప్పటిలాగే జరిపాం. నెలవారీ కచేరీలు ఎండాకాలంలో తప్ప ఆగలేదు. పాడినవారికి, పక్కవాద్యాల వారికి, ప్రసాదాలు వండి పంపిన ఇళ్లవారికి కృతజ్ఞతలు.

ఈ ఏడాది గొప్పగా చెప్పుకోవలసింది అమెరికాలో పుట్టిన జాజ్ సంగీతం వాయించే త్రయం కచేరీ. చెన్నై నుంచి ముగ్గురు వచ్చారు. శాక్సోఫోన్, డబుల్ బాస్ (నిలువెత్తు వయొలిన్ లాంటి మంద్రవాద్యం), డ్రమ్స్, పక్కన ఒక లాప్‌టాప్, కాళ్ల దగ్గర నాదాన్ని మార్చే పెడళ్లు. "కంప్యూటర్ పాటకు సంఘం డబ్బులా?" అని కమిటీలోనే గొణిగారు. వాళ్లు రికార్డు చేసి తెచ్చుకున్నది ఏమీ లేదండీ. శాక్సోఫోన్ నాదాన్ని మైకులోంచి అక్కడికక్కడే పట్టి, ముక్కలు చేసి, కాస్త ఆలస్యంగా, ఒక్కోసారి వెనక నుంచి ముందుకు తిప్పి స్పీకర్లలో వదిలారు. వాయించే ఆయన తన నాదానికి తానే జవాబు చెప్పుకోవాలి. అప్పటికప్పుడు కల్పించుకునే మనోధర్మం మనకు కొత్తా? కాకపోతే రాగం, తాళం ముందే అనుకుని కూర్చోరు, అంతే. పోనీ నిన్నమొన్నటి వింతా అంటే అదీ కాదు. 1966లోనే రోములో మ్యూజికా ఎలెత్రోనికా వివా బృందం ఇలాంటి పని మొదలుపెట్టింది. స్వీడన్‌లో 1993లో ఏర్పడిన ఎస్బ్యోర్న్ స్వెన్సన్ త్రయంలో డబుల్ బాస్‌ను గిటార్ పెడళ్ల గుండా వాయించేవారు.

చివర్లో మన మృదంగం మాస్టారు వేదికెక్కి ఏడు లెక్కల తాళం మిశ్రచాపు ఎత్తుకున్నారు. డ్రమ్స్ ఆయన ఆ లెక్క అందుకునేసరికి, గొణిగినవారు కూడా తొడ మీద తాళం వేశారు. నేను చూశాను.

ఇక హాలు అనుమతి. "జాజ్ అంటే డీజేనా?" అని అడిగి ఆఫీసువారు ఫైలు పక్కన పెట్టేశారు. కాగితం ముందురోజు సాయంత్రం చేతికొచ్చింది. సౌండ్ చెక్‌కు టైము చాలక మొదట్లో స్పీకర్లు కీచుమన్నాయి. అదీ సంగీతమే అనుకుని కొందరు చప్పట్లు కొట్టారు, అది వేరే సంగతి. వారాంతపు యాత్రికుల రద్దీలో రూములు దొరక్క కళాకారులను కోశాధికారి గారి ఇంట్లో దించాం. ఆ ఇల్లాలికి సంఘం రుణపడి ఉంది. వాట్సాప్‌లో బొటనవేలు పెట్టిన వాలంటీర్లు కుర్చీలు వేసే వేళకు ఒక్కరూ లేరు. పేర్లు చదవను.

జమాఖర్చులు ఆడిటర్ సంతకంతో మీ చేతిలో ఉన్నాయి. మైకుసెట్టు బాకీ కొంత మిగిలింది. చందా కట్టనివారు ఈరోజే కట్టగలరు.

వచ్చే ఏడాది అనుమతుల పని ఎవరిదో ఈ సమావేశంలోనే తేల్చాలి. ఆ ఆఫీసు మెట్లు నేను మళ్లీ ఎక్కను.

ఇట్లు,
కార్యదర్శి, తిరుపతి