ఇంట్లో నేరో గేజ్: మన మోడల్ రైల్వే సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ముగిసిన ఏడాదిలో సంఘం చేసిన పనులను కార్యవర్గం తరఫున మీ ముందు పెడుతున్నాను. కిందటి సర్వసభ్య సమావేశంలో మీరు మాకు అప్పగించిన పని సూటిగానే ఉంది: పెట్టెల్లో మూలుగుతున్న ఇంజిన్లకు పట్టాలు చూపించాలి. మనలో చాలామంది దగ్గర మోడళ్లు ఉన్నాయి, అవి తిరిగే పట్టాల అమరిక, అదే లేఅవుట్, లేదు. ఎందుకు లేదంటే అందరిదీ ఒకే జవాబు, ఇంట్లో చోటు లేదు. అందుకని ఈసారి వెడల్పు పట్టాల బ్రాడ్ గేజ్‌ను పక్కనపెట్టి, ఎవరి గదిలో వాళ్లు కట్టుకోగలిగిన ఇరుకు పట్టాల నేరో గేజ్ లైన్ల మీదే కూర్చున్నాం. జరిపిన వర్క్‌షాపులు, ఇళ్లకు వెళ్లి చేసిన సాయం, కొన్న పనిముట్లు అన్నీ దాని కోసమే.

నేరో గేజే ఎందుకు?

ఈ ప్రశ్న కొత్త సభ్యులు ఇంకా అడుగుతున్నారు కాబట్టి లెక్క మరోసారి చెబుతాను. భారతీయ రైల్వే నిబంధనల్లో బ్రాడ్ గేజ్‌కు అనుమతించే అతి గట్టి మలుపు 10 డిగ్రీలు, అంటే 175 మీటర్ల వ్యాసార్థం. దాన్ని 1:87 స్కేలుకు, అంటే 87వ వంతుకు, కుదిస్తే 2 మీటర్లు వస్తుంది. రైలు వెనక్కి తిరిగి రావాలంటే నాలుగు మీటర్ల వెడల్పు కావాలన్నమాట. మనం బల్ల మీద 45 సెంటీమీటర్ల వ్యాసార్థంతో సరిపెట్టుకుంటాం. అప్పుడు పొడవాటి కోచ్‌ల మూలలు పక్కకు పొడుచుకొచ్చి ఎబ్బెట్టుగా ఉంటాయి.

నేరో గేజ్‌కు ఆ పరిమితి 40 డిగ్రీలు, 44 మీటర్లు. కుదిస్తే అర మీటరు. కాల్కా–సిమ్లా లైన్లో 37 మీటర్లకు కాస్త పైన ఉన్న మలుపులు కూడా ఉన్నాయి. అవి మన బల్ల మీద 43 సెంటీమీటర్లు. అంటే ఇంట్లో మనం వేసే మలుపు సర్దుబాటు కాదు, అసలు రైలు తిరిగే మలుపే. చిన్న గదిలో ఏ అబద్ధమూ ఆడకుండా నడపగలిగిన రైలు ఇదొక్కటే అని నా అభిప్రాయం. బ్రాడ్ గేజ్ అభిమానులు నన్ను క్షమించాలి.

స్కేలు, గేజ్ గొడవ

ఏడాది మొత్తంలో అన్నిటికన్నా వేడిగా నడిచిన చర్చ ఇది. పట్టాల మధ్య దూరం ఒకటి, మోడల్‌ను ఎంతకు కుదించామన్నది ఇంకొకటి. ఈ రెండూ విడివిడి విషయాలని ఒప్పుకోవడానికే రెండు సమావేశాలు పట్టాయి. ఎన్ అనే ఇంకా చిన్న స్కేలు వాళ్లు వాడే 9 మిల్లీమీటర్ల పట్టా మీద 1:87 బండిని పెడితే అది 783 మిల్లీమీటర్ల అసలు గేజ్‌కు సమానం. కాల్కా–సిమ్లా గేజ్ 762. ఆ తేడా మన స్కేలులో పావు మిల్లీమీటరు, కంటికి ఆనదు. పైగా ఎన్ స్కేలు పట్టాలు, చక్రాలు, మోటారు ఉన్న కింది చట్రాలు, అదే ఛాసిస్‌లు, సులువుగా దొరుకుతాయి. జర్మనీలో ఎగ్గర్‌బాన్ అనే మోడల్ రైళ్ల కంపెనీ 1963లో ఈ 9 మిల్లీమీటర్ల దారినే పట్టింది. అందుకే సంఘం సిఫారసుగా 1:87, 9 మిల్లీమీటర్లు ఖాయం చేశాం.

డార్జిలింగ్ లైను మోడళ్లు కట్టే వర్గం దీనికి ఒప్పుకోలేదు. వాళ్ల వాదనలో న్యాయం ఉంది. ఆ లైను 610 మిల్లీమీటర్లది. 1:87లో అది సరిగ్గా 7 మిల్లీమీటర్లు అవుతుంది, 9 మీద పెడితే ఇంజిను కాళ్లు చాచి నిలబడ్డట్టుంటుంది. ఎన్ కన్నా చిన్నదైన జెడ్ స్కేలు 6.5 మిల్లీమీటర్ల పట్టా అయితే దగ్గరగా సరిపోతుంది గానీ, అంత చిన్న మోటారును బుజ్జగించి నడపడం అందరి వల్లా కాదు. ఆ దారి పట్టిన ఇద్దరు సభ్యుల ఓపికకు దండం.

చూపు, చేతులు మునుపటిలా సహకరించని పెద్దలకు మా సలహా వేరు. 16.5 మిల్లీమీటర్ల పట్టా మీద 1:48 బండి కట్టండి. అది 792 మిల్లీమీటర్ల గేజ్‌కు సమానం. హెచ్‌ఓ (1:87 స్కేలు బ్రాడ్ గేజ్ బండ్ల) ఛాసిస్‌లు అలాగే పనికొస్తాయి, బండి చేతినిండా ఉంటుంది, స్క్రూ కిందపడితే దొరుకుతుంది కూడా. ఈ ఏడాది ఇళ్లలో పూర్తయిన లైన్లలో చూడముచ్చటైనది ఈ స్కేలుదే.

పట్టాలు, కరెంటు: ఎక్కువ సమయం పట్టిన పని

సీనరీ వర్క్‌షాపు ఎప్పుడని అందరూ అడిగారు. కార్యవర్గం మాత్రం ముందు పట్టాల మీదే పట్టుబట్టింది. నేరో గేజ్ ఇంజిను తేలిక. చాలావాటికి నాలుగే చక్రాలు, అవీ దగ్గరదగ్గరగా ఉంటాయి. ఒక్క చక్రం కింద దుమ్ము చేరినా, ఒక్క అతుకు దగ్గర పట్టా వెంట్రుకవాసి పైకి లేచినా బండి ఆగిపోతుంది. పెద్ద ఇంజిను తన బరువుతో, పొడవుతో నెట్టుకుపోయే లోపాలన్నీ చిన్న ఇంజినుకు గోతులే. వేలితో తోస్తే తప్ప కదలని రైలును రెండు వారాలు చూస్తారు, మూడో వారం దుప్పటి కప్పేస్తారు. ఆగిపోయిన లేఅవుట్ల దగ్గరికి వెళ్లి చూస్తే పదింట తొమ్మిదిచోట్ల కారణం ఇదే, చోటు చాలకపోవడం కాదు.

పట్టా ముక్కలను కలిపే ఫిష్‌ప్లేట్లు పట్టాలను వరసలో ఉంచడానికే, కరెంటు మోయడానికి కాదు. ప్రతి పట్టా ముక్కకూ కింద నుంచి విడిగా కరెంటు తెచ్చే ఫీడర్ తీగ ఇవ్వాల్సిందే. మొదటి వర్క్‌షాపు పూర్తిగా దీనికే పోయింది. పట్టా బయటివైపు గీకి మెరుపు తేవాలి, సోల్డర్ పట్టేలా చేసే ఫ్లక్స్ రాయాలి. పట్టాకు విడిగా, తీగ కొనకు విడిగా సోల్డర్ పూత పెట్టాలి. అటూ ఇటూ పట్టా మీద తడి దూది ముద్దలు పెట్టి, తీగను ఆనించి, వేడెక్కిన సోల్డరింగ్ ఐరన్‌తో ఒక్క క్షణం తాకి తీసేయాలి. సోల్డర్ నీటిబొట్టులా మెరిసి చదునుగా పరుచుకుంటే అతుకు పట్టినట్టు. ఉండకట్టి మసకబారితే పట్టలేదు, మళ్లీ చేయాలి. తడి దూది లేకపోతే ఆ వేడికి ప్లాస్టిక్ స్లీపర్లు వంగి గేజ్ మారిపోతుంది. ఐరన్ ఉన్నకొద్దీ పని చెడుతుంది కాబట్టి దాన్ని త్వరగా తీయడం అలవాటు చేసుకోవాలి. కిటికీ తెరిచి ఉంచండి, ఆ పొగ ఎదురుగా కూర్చోవద్దు.

దారి రెండుగా చీలే చోట్ల పెట్టే పాయింట్ల విషయంలో సంఘం మాట ఒకటే. రెండు పట్టాలు కలిసే ముక్కు, అదే ఫ్రాగ్, ప్లాస్టిక్‌ది వద్దు. కరెంటు పారే లోహపు ఫ్రాగ్ ఉన్నదే తీసుకోండి. పాయింటు మారినప్పుడు దాని ధ్రువం మార్చే స్విచ్ ఒకటి అదనంగా పెట్టాలి. పని పెరుగుతుంది, నిజమే. పెట్టినవాళ్ల బండ్లు పాయింటు మీద పాకుతూ కూడా దాటుతున్నాయి. మన పరీక్ష కూడా అదే: కంట్రోలర్‌ను అతి తక్కువలో పెట్టి బండిని పాయింట్ల మీదుగా అటూ ఇటూ నడపాలి, ఎక్కడా జంకకూడదు. అది గెలవని లైనుకు కంకర పోయవద్దు.

ఎండాకాలంలో పట్టాలు వంకర తిరిగాయని కొందరు సభ్యులు టెన్షన్ పడ్డారు. తప్పు పట్టాలది కాదు. మీటరు పొడవు నికెల్ సిల్వర్ పట్టా 20 డిగ్రీల వేడి పెరిగితే మిల్లీమీటరులో మూడో వంతు సాగుతుంది, అంతే. అసలు దొంగ చెక్క. తేమ పీల్చి ఉబ్బుతుంది, ఆరాక కుంచించుకుపోతుంది. ప్లైవుడ్‌కు పైనా కిందా, కోసిన అంచులకూ వార్నిష్ కొట్టాకే పట్టాలు వేయండి. అతుకుల దగ్గర కాస్త ఖాళీ వదలండి.

డీసీసీ (ఒక్కో ఇంజినును విడిగా నడిపే డిజిటల్ పద్ధతి) కావాలా అన్నదానికి కార్యవర్గంలోనే ఏకాభిప్రాయం లేదు. ఒకసారికి ఒకే ఇంజిను తిరిగే లైనుకు 12 వోల్టుల మామూలు డీసీ కంట్రోలర్ చాలని నా ఉద్దేశం. డీసీసీ పెట్టుకునేవాళ్లు ఇంజినులో ఆ సంకేతాలు చదివే డీకోడర్‌తో పాటు కరెంటు తెగిన క్షణం పాటు నడిపించే కెపాసిటర్ కూడా పెట్టుకోండి. ఇంజినులో చోటు లేకపోతే వెనక వ్యాగన్‌లో దాచవచ్చు. అది ఉంది కదా అని పట్టాలు తుడవడం మానకండి.

ఎక్కుడు, జిగ్‌జాగ్, షెల్ఫ్

కొండ లైను కావాలని కోరినవాళ్లకు ఒక చిన్న లెక్క ఇచ్చాం. పట్టా మీదుగా పట్టా దాటాలంటే సుమారు 6 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. 30కి 1 ఎక్కుడులో ఆ ఎత్తుకు 1.8 మీటర్ల దారి పడుతుంది. 30 సెంటీమీటర్ల వ్యాసార్థంతో ఒక పూర్తి చుట్టు 1.88 మీటర్లు. అంటే ఒక్క చుట్టులో బండి తన దారి మీదుగానే దాటిపోతుంది. డార్జిలింగ్ లైన్లో 1919లో కట్టిన బతాసియా లూప్ చేసే పని అదే. మలుపు కూడా బండిని లాగిపెడుతుంది కాబట్టి వ్యాగన్లు మూడు నాలుగు మించకుండా చూసుకోవాలి.

చుట్టుకు చోటు లేని ఇంట్లో జిగ్‌జాగ్ వేయవచ్చు. ఇదీ డార్జిలింగ్ లైను నుంచి తీసుకున్నదే. బండి ముందుకెళ్లి ఆగుతుంది, పాయింటు మారుతుంది, వెనక్కి నడుస్తూ ఇంకా పైకి ఎక్కుతుంది. 30కి 1లో మీటరు పొడవు దారి మూడు సెంటీమీటర్లకు పైగా ఎత్తు ఇస్తుంది. చివర్లలో ఇంజిను, మూడు చిన్న వ్యాగన్లు పట్టేంత తోక ఉంటే చాలు. ఒక సభ్యురాలు పుస్తకాల అలమర పైన అడుగు వెడల్పు పలక మీద దీన్ని కట్టారు. సంఘం సభ్యులు చూడటానికి వెళ్తే ఇంటివాళ్లు ఆ స్టేషన్ మాస్టర్ల సంఖ్య చూసి బెదిరిపోయారట.

ఎక్కుడు కూడా వద్దనుకుంటే వ్యాగన్లను ముందుకీ వెనక్కీ జరిపి వరస కుదిర్చే షంటింగ్ పజిల్ ఉంది. అలన్ రైట్ రూపొందించిన ఇంగిల్‌నుక్‌ అనే పజిల్‌లో మూడు సైడింగులు (వ్యాగన్లు నిలిపే పక్క దారులు), అవి వరసగా ఐదు, మూడు, మూడు వ్యాగన్లు పట్టేవి. మొత్తం ఎనిమిది వ్యాగన్ల నుంచి చెప్పిన వరసలో ఐదింటి రైలు తయారుచేయాలి. ఆ వరసలు 6,720 రకాలు. రెండు పాయింట్లతో ఇంత పని దొరికే లేఅవుట్ వేరే లేదు. కొత్తవాళ్లు మొదట దీన్నే కట్టాలని గట్టిగా చెబుతున్నాం.

సీనరీ వర్క్‌షాపు

చివరికి జరిగింది, అన్నిటికన్నా ఎక్కువ మంది వచ్చింది దీనికే. అసలు కంకర రాయి 50 మిల్లీమీటర్లు అనుకుంటే 1:87లో అర మిల్లీమీటరు దాటి కాస్త ఉంటుంది. కొన్న ప్యాకెట్ల కంకర అంతకన్నా లావు, ట్రాక్ మీద బండరాళ్లలా కనిపిస్తుంది. సన్నని జల్లెడ పట్టి వాడండి. అసలు నేరో గేజ్ లైన్లలో చాలాచోట్ల స్లీపర్లు మట్టిలో, గడ్డిలో సగం మునిగి ఉంటాయి, కాబట్టి బయటి మట్టి తెచ్చి వాడటం మంచి పనే. ఎండబెట్టి జల్లించాక అయస్కాంతానికి ప్లాస్టిక్ సంచి తొడిగి ఆ మట్టిలో తిప్పాలి. నల్లటి ఇనుప రేణువులు సంచికి పట్టుకుంటాయి. సంచి తీసేస్తే రాలిపోతాయి. ఈ పని చేయకపోతే అవి మోటారు అయస్కాంతానికి అంటుకుని గేర్లలో చేరతాయి.

జిగురుకు తెల్ల జిగురు ఒక వంతు, నీళ్లు మూడు వంతులు, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు. ఆ చుక్కలు లేకపోతే జిగురు మట్టి మీద ముత్యాల్లా నిలిచిపోతుంది, లోపలికి ఇంకదు. పాయింట్ల నాలుకల దగ్గరికి జిగురు వెళ్లనివ్వకండి. పట్టాల పైభాగం మాత్రం ఆరకముందే తుడిచేయండి. తర్వాత తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి గుడ్డ చాలు. గరుకు కాగితం పెడితే పడే గీతల్లో మురికి ఇంకా వేగంగా చేరుతుంది.

త్రీడీ ప్రింట్ బాడీలు కాటో కంపెనీ ఛాసిస్‌ల మీద పెట్టే పని కొందరు యువ సభ్యులు చేసి చూపించారు. రెజిన్ పనిలో గ్లవ్స్ తప్పనిసరి, గది గాలి ఆడేలా ఉండాలి. దీని మీద ప్రత్యేకంగా ఒక వర్క్‌షాపు వచ్చే ఏడాది ఉంటుంది.

లెక్కలు, తీర్మానాలు

ఆదాయ వ్యయాల పట్టిక ఆడిటర్ సంతకంతో విడిగా పంపాం. చందాల్లో పెద్ద వాటా సోల్డరింగ్ స్టేషన్లు, గేజ్ కొలతల పనిముట్లు, నకిలీ గడ్డిని నిలబెట్టి అంటించే స్టాటిక్ గ్రాస్ అప్లికేటర్‌కు వెళ్లింది. సంఘానికి కొత్త ఇంజిను ఒక్కటీ కొనలేదని వచ్చిన ఫిర్యాదు నిజమే, కావాలనే కొనలేదు. ఇంజిను ఎవరైనా కొనుక్కుంటారు, పనిముట్టు మాత్రం అందరికీ రోజూ అవసరం పడదు.

ఇళ్లలో కట్టిన బోర్డులను ఏడాదికోసారి కలిపి నడిపేందుకు ఒక ప్రమాణం తయారైంది. ఒకే లైను, అంచుకు పట్టా లంబంగా ఉండాలి, చివరి పది సెంటీమీటర్లు తిన్నగా ఉండాలి, అంచు దగ్గర పట్టాలను ఇత్తడి స్క్రూలకు సోల్డర్ చేయాలి, ముందువైపు పట్టాకు ఎర్ర తీగ, వెనక పట్టాకు నల్లది. కాళ్ల ఎత్తు సర్దుకునేలా ఉండాలి. రెండు లైన్లు కావాలన్న సవరణ సర్వసభ్య సమావేశానికి వస్తుంది. దాన్ని తిరస్కరించాలని కార్యవర్గం కోరుతోంది. రెండో లైను పెట్టిన మరుక్షణం బోర్డు వెడల్పు పెరుగుతుంది, మళ్లీ చోటు లేదనే మాట మొదలవుతుంది.

సభ్యత్వ పునరుద్ధరణ పత్రాలు దీనితో జతచేశాం. చక్రాల మధ్య దూరం కొలిచే 9 మిల్లీమీటర్ల గేజ్‌లు రెండూ, చిన్న ఐరన్ ఒకటీ రిజిస్టర్‌లో రాయకుండా ఎవరో తీసుకెళ్లారు. పేర్లు అడగం. సమావేశానికి ముందే బల్ల మీద పెట్టేయండి, వచ్చే వర్క్‌షాపు వాటితోనే మొదలవ్వాలి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి