ఆటగాడి కోట్లు, నర్సు జీతం
ఆటగాళ్లకు కోట్లు, ప్రజల ప్రాణాలు కాపాడే ప్రభుత్వ సిబ్బందికి చాలీచాలని జీతాలు. ఈ తేడా అన్యాయం. 2023 డిసెంబరులో బేస్‌బాల్ ఆటగాడు షోహెయ్ ఒహ్తానీ పదేళ్లకు 70 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. అలాంటి సొమ్ము ఎక్కువగా టికెట్లు, ప్రసార హక్కులు, ప్రకటనల నుంచే వస్తుంది కాబట్టి ఆటగాళ్లను తప్పుపట్టను. మోకాలు బాగా దెబ్బతింటే వాళ్ల కెరీర్ అక్కడితో ముగిసిపోవచ్చు కూడా. కానీ మా నాన్న ప్రభుత్వాసుపత్రిలో ఉన్న రాత్రి ఒక్క నర్సే రెండు వార్డులు చూసుకుంది. తెల్లవారుజామున మూడింటికి సెలైన్ సీసా మారుస్తుంటే ఆమె చేతులు వణకడం కళ్లారా చూశాను. కాంట్రాక్టు ఉద్యోగమట, రెండు నెలలుగా జీతమే రాలేదట. ప్రసార హక్కుల మీద, స్టేడియం టికెట్ల మీద సెస్సు వేసి, ఆ డబ్బు నర్సులు, అగ్నిమాపక సిబ్బంది, పారిశుద్ధ్య కార్మికుల జీతాలకే వాడేలా చట్టం చేయాలి.