మన ఊరి గ్రంథాలయ సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవ సభ్యులకు, ఉద్యోగాల మీద హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి ఈ నివేదికను ఫోన్‌లో చదువుతున్న మన ఊరి పిల్లలకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

ప్రతి ఏడాదీ ఈ నివేదిక ఒకే పద్ధతిలో రాసేవాళ్ళం. ఫలానా రోజు జెండా వందనం, ఫలానా రోజు వ్యాసరచన పోటీ, ముఖ్య అతిథులు, శాలువాలు, ఫోటోలు. చదివితే చాలా పనులు చేసినట్టే ఉండేది. కానీ ఏ కార్యక్రమానికైనా కుర్చీలు వేసేది ఆ నలుగురే, తీసేది కూడా ఆ నలుగురే. మిగతావాళ్ళను బతిమాలి తీసుకురావాల్సి వచ్చేది. వాళ్ళకు ఊరి మీద ప్రేమ లేదని మనలో మనం అనుకునేవాళ్ళం. అది తప్పని ఈ ఏడాది తెలిసింది. రమ్మని పిలిచామే గాని, ఎందుకు రావాలో ఒక్కసారి కూడా చెప్పలేదు. అసలు మనకే స్పష్టంగా తెలియదు.

పోయిన సర్వసభ్య సమావేశానికి కొన్నాళ్ళ ముందు జరిగిన సంగతి ఇది. నాలుగో తరగతి బాబు ఒకడు మన పఠనాలయంలో కోతీ మొసలీ కథ గడగడా చదువుతున్నాడు. ముచ్చటేసి పక్కన కూర్చున్నాను. బొమ్మ మీద అరచెయ్యి అడ్డం పెట్టి, పేరా మధ్యలో ఒక్క మాట చూపించి ఇదేమిటి నాన్నా అని అడిగాను. వాడు మొదటి వాక్యం దగ్గర నుంచి మళ్ళీ అందుకుని, చెప్పుకుంటూ చెప్పుకుంటూ ఆ మాట దాకా వచ్చి, 'మొసలి' అన్నాడు. కథంతా నోటికొచ్చు. అక్షరం మాత్రం రాదు. తెలివైన పిల్లాడు, లేకపోతే అంత పొడుగు కథ గుర్తుపెట్టుకోలేడు. బడి మీద నెపం వేయడం తేలికే. కానీ మన బీరువాల నిండా పుస్తకాలు పెట్టుకుని, వాటి ముందే కూర్చున్న పిల్లాడికి చదవడం రాదన్న సంగతి ఇన్నాళ్ళు మనం కూడా చూడలేదు.

ఆ సమావేశంలో ఎజెండా పక్కన పెట్టి ఈ సంగతే మాట్లాడుకున్నాం. రెండు గంటల చర్చ తరువాత ఒక్క వాక్యం తేలింది: మన ఊరి పిల్లలెవరూ తెలుగు కథ ఒకటి సొంతంగా చదవలేని స్థితిలో ఐదో తరగతి దాటకూడదు. దాన్నే గోడ మీద రాయించాం. ఈ ఏడాది ఏ పని నెత్తికెత్తుకోవాలన్నా ముందు ఆ గోడ వైపు చూశాం.

ఇది మనం కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. మన కాలువలకే ఈ చరిత్ర ఉంది. 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో అయ్యంకి వెంకటరమణయ్య గారి చొరవతో గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగింది, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. ఊరూరా గ్రంథాలయాలు లేచాయి. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య పడవలో గ్రంథాలయం నడిపారు. అప్పట్లో మన వైపు ప్రయాణాలు చాలావరకు కాలువల మీదే. పడవ ఎక్కితే గంటల తరబడి ఊరికే కూర్చోవాలి. పాఠకుడు పుస్తకం దగ్గరికి రాలేకపోతే పుస్తకమే పాఠకుడి దగ్గరికి వెళ్ళాలి, అంతే ఆ ఆలోచన. ఆ ఒక్క మాట పట్టుకుంటే పడవలో ఏ పుస్తకాలు పెట్టాలి, ఎక్కడ ఆగాలి అన్నవి వాటంతట అవే తేలిపోతాయి. ఈ కథ సమావేశంలో చెప్పినప్పుడు పెద్దవాళ్ళు కొందరు కాలువ పడవలు గుర్తు చేసుకున్నారు. ఇంటర్ పిల్లలైతే మన కాలువలో పడవలు తిరిగేవా అని ఆశ్చర్యపోయారు.

గోడ మీద వాక్యం రాశాక వాలంటీర్ల కోసం మైకులో ప్రచారం చేయలేదు. సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు చదువు గంట మొదలుపెట్టాం, ఒక్కో పెద్ద మనిషి దగ్గర ఇద్దరు పిల్లలు. మొదటి వారం మేమే. రెండో వారం ఆటో నడిపే తండ్రి ఒకాయన వచ్చి, "నాకు చదువు రాదండీ, చెప్పలేను. కానీ రోజూ తాళం తీసి, ఊడ్చి, లైట్లు వేస్తాను" అన్నారు. ఏడాదిలో ఆయన తాళం తీయని రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కిరాయి ఉన్న రోజున తాళంచెవి పక్కింట్లో ఇచ్చి, ఫోన్ చేసి మరీ చెప్పి వెళ్ళేవారు. ఇంటర్ పిల్లలు గుణింతాలు, ఒత్తులు అట్టముక్కల మీద రాసుకొచ్చారు. ఎవరూ పురమాయించలేదు.

సెప్టెంబరు వరదల సంగతి అందరికీ తెలుసు. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీరు 11 లక్షల క్యూసెక్కులు దాటింది, కొల్లూరు వైపు లంక గ్రామాలు నీళ్ళలో చిక్కుకున్నాయి. మన పఠనాలయం బియ్యం బస్తాలతో, మంచినీళ్ళ ప్యాకెట్లతో నిండిపోయింది. కార్యవర్గమంతా ఆ టెన్షన్‌లో ఉంది, చదువు గంట సంగతి మాకు గుర్తు కూడా లేదు. నాలుగో రోజు చూస్తే, పక్క వీధిలో కుట్టుమిషన్ పెట్టుకున్న ఆవిడ పిల్లల్ని తన అరుగు మీద కూర్చోబెట్టి చదివిస్తున్నారు. మిషను పక్కకు జరిపి, గుడ్డముక్కల బుట్టలో కథల పుస్తకాలు పెట్టారు. ఒక చేత్తో కాజాలు కుడుతూనే, తప్పు చదివితే అక్కడే ఆపుతున్నారు. "మిమ్మల్ని అడుగుదామనుకున్నా గాని, మీరు పనిలో ఉన్నారు. పిల్లలకు మాత్రం గ్యాప్ రాకూడదు కదండీ" అన్నారు. నాయకత్వం గురించి నాకున్న అభిప్రాయాలన్నీ ఆ అరుగు దగ్గర మారిపోయాయి. ఆవిడకు మా అనుమతి అక్కర్లేకపోయింది, గోడ మీద మాట చాలింది.

సంక్రాంతికి మాత్రం మేం దారి తప్పాం. ముగ్గుల పోటీలు, ఆటల పోటీలు, బహుమతుల సభ అని వాలంటీర్లందరినీ అటు తిప్పి, తొమ్మిది రోజులు చదువు గంట మూసేశాం. ఇంటర్ అమ్మాయి ఒకతె నా దగ్గరికి వచ్చి, "గోడ మీద రాసింది పండక్కి వర్తించదా మాస్టారూ?" అని అడిగింది. జవాబు చెప్పలేకపోయాను. మళ్ళీ మొదలుపెట్టాక చిన్న పిల్లలు కొందరు పదిహేను రోజుల దాకా రానేలేదు, వచ్చినవాళ్ళు ఒత్తుల దగ్గర మళ్ళీ తడబడ్డారు. ఇది పూర్తిగా కార్యదర్శిగా నా పొరపాటు. వచ్చే సంక్రాంతికి ముగ్గులూ ఉంటాయి, చదువు గంట కూడా ఉంటుంది.

ఒక దాత ఊరి మొదట్లో పెద్ద ముఖద్వారం కట్టిస్తామన్నారు. ఆ డబ్బుతో పిల్లల పుస్తకాలు, రెండు ర్యాకులు ఇప్పించమని కోరాం. ఆయన కొంత నొచ్చుకున్నారు, ఇంకా ఏమీ చెప్పలేదు. ఆయన మంచి మనసుతోనే ముందుకొచ్చారు, సభ్యులెవరూ దీని గురించి ఆయన్ని మాట అనవద్దు.

ఇక మిగతా కార్యక్రమాలు: స్వాతంత్ర్య దినోత్సవం, నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు ఎప్పటిలాగే జరిగాయి. వారోత్సవాల్లో ఉపన్యాసాలు తగ్గించి పిల్లల చేత కథలు చదివించాం. మొదటి రోజు చదివినవాడు మన మొసలి బాబే, అదీ బొమ్మలు లేని పుస్తకంలోంచి. వాళ్ళ అమ్మ వెనక వరసలో నిలబడి, చదవడం అయ్యేదాకా కూర్చోలేదు.

పరీక్షలు, మార్కులు ఏమీ పెట్టలేదు. ఎప్పుడూ చూడని కథ ఒకటి ఇద్దరి ముందు పైకి చదివిన పిల్లలు ఒక నోటుపుస్తకంలో తమ పేరు తామే రాసుకుంటారు. ఆ పుస్తకంలో ఇప్పుడు రెండో పేజీ నడుస్తోంది. అయితే ఈ ఏడాది ఐదో తరగతి పూర్తి చేసినవాళ్ళలో ముగ్గురు ఇంకా కూడబలుక్కునే చదువుతున్నారు. గోడ మీద మాట ప్రకారం ఇది మన బాకీ. వాళ్ళు ఆరో తరగతికి హైస్కూలుకు వెళ్ళినా సాయంత్రం మన దగ్గరికే రమ్మని తల్లిదండ్రులతో మాట్లాడాం, ఒప్పుకున్నారు.

జమాఖర్చుల పట్టిక నోటీసు బోర్డులో పెట్టాం, రసీదు పుస్తకాలు కోశాధికారి గారి దగ్గర ఎవరైనా చూడొచ్చు. కిటికీ పక్క బీరువాకు చెదలు పట్టింది. కింది అరలో ఉన్న పాత మాసపత్రికల బైండ్లు కొన్ని పాడయ్యాయి. మిగిలినవి దులిపి, ఎండబెట్టి, అట్టలు వేయాలి. వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి మొదలుపెడుతున్నాం. తాళం ఆటో ఆయన తీస్తారు. జిగురు, గోనెగుడ్డ మేం తెస్తాం, కత్తెర ఉన్నవాళ్ళు వెంట తెచ్చుకోగలరు.

కార్యదర్శి,
కార్యవర్గం తరఫున