అబుదాబికి మనుషుల్ని పంపేముందు

ప్రియమైన సుధాకర్‌కు,

మీ కంపెనీ ఇంజినీర్లనూ వెల్డర్లనూ అబుదాబి పనికి పంపే బాధ్యత నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. వీసా దరఖాస్తు ఎలా నింపాలని అడిగావు. దానికంటే ముందు, ప్రతి ఒక్కరి పాస్‌పోర్టునూ పదో తరగతి మెమోనూ డిగ్రీ పట్టానూ పక్కపక్కన పెట్టి, పేరును అక్షరం అక్షరం సరిచూడు.

మనవాళ్ల ఇంటిపేరు మెమోలో పొడి అక్షరంగా ఉంటుంది, పట్టాలో పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్టులో ఆ గడే ఖాళీగా ఉంటుంది. పాస్‌పోర్టులో ఒకే మాట పేరున్నవారిని సందర్శక వీసాలపై అనుమతించబోమని 2022 నవంబరులో యూఏఈ (అబుదాబి ఉన్న దేశం) ప్రకటించిందంటే, ఆ గడిని వాళ్లు ఎంత పట్టించుకుంటారో ఊహించుకో. దిద్దుబాటుకు పాస్‌పోర్టు మళ్లీ తీయించాలి కనుక ఈ పని అన్నిటికంటే ముందు జరగాలి.

తర్వాతది పట్టాల ధ్రువీకరణ. ఒక దేశపు పత్రాలను ఒకే ముద్రతో మరో దేశం గుర్తించే అపోస్టిల్ ఒప్పందంలో ఉన్న ఒమన్ వంటి దేశానికైతే మన విదేశాంగ శాఖ వేసే ఆ అపోస్టిల్ ముద్రతో సరిపోతుంది. యూఏఈ అందులో లేదు కాబట్టి డిగ్రీ అడిగే ఉద్యోగాలకు రాష్ట్ర ప్రభుత్వం, మన విదేశాంగ శాఖ, యూఏఈ రాయబార కార్యాలయం, చివరకు అక్కడి విదేశాంగ శాఖ వరుసగా ధ్రువీకరించాలి. పని అనుమతికి మీ విశాఖ ఆఫీసు నేరుగా దరఖాస్తు చేయలేదు, అక్కడ లైసెన్సు ఉన్న సంస్థే చేయాలి. అది వచ్చాక ప్రవేశ అనుమతి, అక్కడ దిగాక వైద్య పరీక్ష, ఎమిరేట్స్ ఐడీ అనే అక్కడి గుర్తింపు కార్డు, నివాస అనుమతి ఒకదాని వెంట ఒకటి సాగుతాయి.

వెల్డర్ల విషయంలో మరింత శ్రద్ధ పెట్టు. పది పాస్ కానివారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే వలస తనిఖీ అవసరం) కోవలో ఉంటుంది. అలాంటివారు ఉద్యోగానికి వెళ్లేముందు ఎమిగ్రేషన్ క్లియరెన్సు (వలస అనుమతి) తీసుకోవలసిన 18 దేశాల్లో యూఏఈ ఒకటి, ఆ పని మన ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పోర్టల్ ద్వారా జరగాలి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాద మరణానికీ శాశ్వత వైకల్యానికీ 10 లక్షల రూపాయల రక్షణ కూడా ఆ దారిలోనే వస్తుంది.

పని తొందర అని, విజిట్ వీసా మీద పంపి అక్కడ పని వీసాకు మార్పిద్దామని ఎవరో ఒకరు తప్పక అంటారు. దయచేసి ఒప్పుకోవద్దు. అలా వెళ్లిన మనిషి పరంజా మీదినుంచి పడితే, అతని పేరుతో అక్కడ నమోదైన ఒప్పందం ఉండదు, ఇక్కడ బీమా ఉండదు. ఆసుపత్రి ఖర్చు ఎవరు భరించాలన్నదానికీ జవాబుండదు. ఊళ్లో అతని మీద ఆధారపడ్డవాళ్లకు మనం ఏమని చెప్పగలం?

ఇంకొక మాట. నియామకపు ఖర్చులను కార్మికుడి నుంచి వసూలు చేయడాన్ని యూఏఈ 2021 కార్మిక చట్టం నిషేధించింది. వీసా ఖర్చంటూ జీతంలో కోత పెట్టే షరతు ఒప్పంద పత్రంలో కనబడితే సంతకాలకు ముందే కొట్టివేయించు. వెళ్లేవాళ్ల జాబితా సిద్ధం కాగానే నాకు పంపు. ఈసీఆర్ ఉన్నవారి పేర్లు వేరుగా రాయి, వాళ్ల కాగితాలే ముందు చూద్దాం.

నీ
రఘు