ఆదివారాలైనా ఆ రేంజ్ గేటు తీయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పిల్లలకి షూటింగ్ నేర్పడమంటే వాళ్ల చేతికి హింస అందించడమేనని పోయిన వారం మీ పేజీలో ఒక పెద్దాయన రాశారు. ఆయన ఎప్పుడైనా రేంజ్ (తుపాకీ కాల్చడం సాధన చేసే చోటు) చూశారో లేదో గానీ, చూసి ఉంటే అరగంటలో విసుగొచ్చి ఇంటికెళ్లిపోయేవారు. అక్కడ కదలకుండా ఉండటం, ఊపిరి సరిచూసుకోవడం, మళ్లీ కదలకుండా ఉండటం, అంతే.

నేను పాయింట్ టూ టూ (0.22 అంగుళాల చిన్న తూటా) రైఫిల్ మొదటిసారి పట్టింది డిగ్రీలో, ఎన్‌సీసీ క్యాంపులో. 25 గజాల దూరం, వెనక మట్టికట్ట, పక్కన ఎర్ర జెండా, తలా 5 రౌండ్లు (తూటాలు). హవల్దార్ గారు ‘లేట్‌కే పొజిషన్’ అనగానే బోర్లా పడుకున్నాను. నా 5లో 2 అసలు కాగితానికే తగల్లేదు. ‘ట్రిగ్గర్ లాగుతావేంట్రా, నిమ్మకాయ పిండినట్టు మెల్లగా పిండు, ఎప్పుడు పేలిందో నీకే తెలియకూడదు’ అన్నారాయన. కాల్చాక ఖాళీ ఖోకాలు (పేలిన తూటాల తొడుగులు) లెక్క అప్పజెప్పాలి. మావాడిది ఒకటి గడ్డిలో పడిపోతే, భోజనాల బండి వచ్చి నిలబడినా సరే, అందరం మోకాళ్ల మీద పాకుతూ అది దొరికేదాకా వెతికాం. ఇదండీ ‘హింస’.

ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు రెండు మూడు నెలలకోసారి తెల్లవారుజామున కర్నూలులో బస్సెక్కి హైదరాబాద్ వెళ్లి క్లబ్బు రైఫిల్‌తో 50 మీటర్లలో కాల్చి వస్తున్నాను. పతకాలు కొట్టే వయసు కాదు, సరదా. ఆ దూరంలో 10 పాయింట్లొచ్చే వలయం అడ్డకొలత 10.4 మిల్లీమీటర్లు, అంటే ఇప్పటి రూపాయి బిళ్లలో సుమారు సగం. పడుకుని కాలిస్తే పర్వాలేదు గానీ నిలబడ్డానా, మన గుండె కొట్టుకోవడం గురి చూసే సైట్‌లో కనిపిస్తుంది, కాఫీ ఎక్కువ తాగి వెళ్లిన రోజు మరీను. రైఫిల్ వదిలి లేచే ముందు బోల్ట్ తెరవాలి, ఛాంబర్‌లో (తూటా కూర్చునే చోట) ఖాళీ అని తెలిసేలా రంగు ప్లాస్టిక్ పుల్ల పెట్టాలి, గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి, టార్గెట్లు మార్చడానికి ఎవరైనా ముందుకెళ్తే మిగతావాళ్లు రైఫిల్ ముట్టుకోకూడదు. మా వీధిలో పదహారేళ్ల పిల్లలు ముగ్గురేసి బైకెక్కి తిరుగుతుంటే ఇందులో సగం క్రమశిక్షణ కూడా ఉండదు, దాని మీద మాత్రం ఎవరూ ఉత్తరం రాయరు.

2012 లండన్‌లో మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్‌కి కాంస్యం వచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో (గాలి ఒత్తిడితో కాల్చేది). పది మీటర్లకి ఒక పెద్ద హాలు చాలు, అందుకే ఊళ్లలో కూడా ఎయిర్ రైఫిల్ నేర్పేవాళ్లు కనిపిస్తున్నారు, సంతోషం. కానీ 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం గెలిచింది 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో (మోకాలి మీద, పడుకుని, నిలబడి కాల్చే పోటీ), ఈ పాయింట్ టూ టూతోనే. కొల్హాపూర్ వైపు పల్లెటూరి నుంచి వచ్చిన రైల్వే ఉద్యోగి ఆయన. ఆ ఆట మా జిల్లా పిల్లాడు ఆడాలంటే ఎక్కడికి పోవాలి? తూటా చిన్నదే అయినా అడ్డం లేకపోతే కిలోమీటరు దాటి పోతుంది కాబట్టి మట్టికట్ట ఉండాలి, లైసెన్సు ఉండాలి, అందులో తప్పు పట్టడానికేం లేదు. నా బాధల్లా, మట్టికట్ట ఉన్న రేంజ్ మా దగ్గరే ఉంది, ట్రైనింగ్ రోజులు తప్ప మిగతా రోజులు ఖాళీగానే ఉంటుంది. దాని గురించి ఒక ఆఫీసులో అడిగితే ‘మీకెందుకు సార్, ఎవరితోనైనా గొడవలున్నాయా?’ అన్నారు. కోపం రాలేదు, నవ్వొచ్చింది.

జనానికి తుపాకులు పంచమని నేననడం లేదు. రైఫిల్ క్లబ్బులకి లైసెన్సు ఇచ్చే పద్ధతి ఆయుధ నిబంధనల్లోనే ఉంది. నెలకి రెండు ఆదివారాలు పొద్దున పూట, కోచ్ ఎదురుగా, ఫీజు కట్టించుకుని కాల్చనివ్వండి. రైఫిళ్లు, రౌండ్లు ఆర్మరీ (ఆయుధాల గది) తాళం లోపలే ఉంటాయి, మేం కాల్చేసి చేతులు సబ్బుతో కడుక్కుని (సీసం అంటుతుంది కదా) ఇంటికెళ్తాం.

ఆ ఉత్తరం రాసిన పెద్దాయన కూడా ఒకసారి రావాలి. ఆయన 5 రౌండ్ల డబ్బులు నేనే కడతాను, ఖోకాలు మాత్రం ఆయనే ఏరి ఇవ్వాలి.

— ఒక పాత ఎన్‌సీసీ క్యాడెట్, కర్నూలు